కప్పల డాక్టరమ్మ

మీ డాక్టరు చివరిసారి మీ ఒంటిమీద చెయ్యి వేసి చూసిందెప్పుడు? గుర్తు తెచ్చుకోండి. మీ రిపోర్టు చూడటం కాదు, కంప్యూటరులో మీ పేరు చూడటం కాదు. మిమ్మల్ని చూసిందెప్పుడు?

ఆయుధపూజ మర్నాడు చెన్నై షోళింగనల్లూరులోని నా క్లినిక్కు తలుపు తీయగానే చందనం, కర్పూరం కలిసిన వాసన ముక్కుకు తగిలింది. ముందురోజు మా సిబ్బంది బల్లకు, తూకం మిషనుకు, బీపీ మిషనుకు బొట్లు పెట్టారు. చందనం ఎండి పెచ్చులు కట్టింది. దాన్ని గోటితో గీకుతుండగా మొదటి రోగి వచ్చాడు. పక్క ఆఫీసులో పనిచేసే గుంటూరు కుర్రాడు. చేతిలో ఇటుకంత ఫైలు. మూడు వారాలుగా దగ్గు. చొక్కా గుండీలు విప్పమన్నాను. అతను నన్ను అనుమానంగా చూశాడు. "ఎందుకండీ మేడమ్? ఫుల్ బాడీ చెకప్ చేయించాను. అన్నీ ఫైల్లోనే ఉన్నాయి." నేను స్టెతస్కోపు చెవులకు తగిలించుకున్నాను. "దగ్గొచ్చింది ఫైలుకా, నీకా?" అతను నవ్వి గుండీలు విప్పాడు. ఈ మొండితనం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఒక మనిషి దగ్గర నేర్చుకున్నాను. ఆమెను మీరు చూసి ఉండరు. ఆమె పేరున ఏ హాలూ లేదు, గోడమీద ఏ ఫొటో లేదు. అందుకే రాస్తున్నాను.

డాక్టర్ మంగతాయారును నేను మొదటిసారి చూసింది కూడా ఆయుధపూజ నాడే. నేను మెడికల్ కాలేజీలో చేరిన ఏడాది అది. కాలేజీ పేరు చెప్పను. ఏ కాలేజీ పేరు పెట్టినా ఈ కథ అతుకుతుంది. ఫిజియాలజీ ల్యాబులో అటెండరు ఏకాంబరం ప్రతి పరికరానికీ చందనం పూసి కుంకుమ దిద్దుతున్నాడు. నేను మద్రాసు చూలైలో పుట్టి పెరిగినదాన్ని. మా తాతయ్యకు అక్కడ చిన్న అచ్చాఫీసు ఉండేది. ప్రతి ఆదివారం మిషన్లు ఆపి, ఆ కాగితాల కట్టల మీదే కూర్చుని పదిమంది వాదించుకునేవారు: దేవుడున్నాడా, కులం ఎవరు చేశారు, ముహూర్తాలెందుకు, ఆడపిల్ల చదువు ఎందాకా. ఆ వాదాలు వింటూ పెరిగిన నాకు ఏకాంబరం చందనం గిన్నె చూడగానే ఒళ్ళు మండింది. "సైన్సు ల్యాబులో ఈ తంతు ఏమిటి? మిషనుకు ప్రాణముందా? బొట్టు పెట్టకపోతే పనిచేయదా?" అని పెద్ద గొంతుతో మొదలుపెట్టాను. ముసలాయన బిత్తరపోయి నిలబడ్డాడు.

వెనకనుంచి ఎవరో వచ్చి బీపీ మిషను చేతిలోకి తీసుకున్నారు. పొట్టి మనిషి, నేత చీర, తెల్లకోటు జేబు నిండా చాక్‌పీసు పొడి. నావైపు చూడకుండానే మిషను ఏకాంబరం ముందు పెట్టింది. "ఏమప్పా ఏకాంబరం, పూజ చేసుకో, నేను వద్దనలే. అయితే చందనం అంకెల మీద పూసినావే! నూట నలభై యాడుండాదో కనిపించలా. రేపు ఒకరికి బీపీ తప్పు చూస్తే ఆ పాపం నీ సామిదా, నాదా?" ఏకాంబరం నాలుక కరుచుకుని పంచె చెంగుతో అంకెలు తుడిచాడు. అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. "నువ్వేమ్మే, పేరేంది? హేమలతా? అంత అరిచినావు కదా, అంకెలు మూసుకుపోయింది చూసినావా?" నేను చూడలేదు. బొట్టు చూశాను. కోపం తెచ్చుకోవడానికి కావలసింది చూశాను, ప్రమాదం చూడలేదు. నా జీవితంలో వాదనలో నేను ఓడిన మొదటి రోజు అదే. నన్ను ఓడించినావిడ వాదించలేదు కూడా.

ఆమెది వాషర్‌మెన్‌పేట్. తాతల కాలంలో నెల్లూరు వైపునుంచి వచ్చి బట్టల వ్యాపారంలో స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, క్లాసులో ఇంగ్లీషు, కోపమొస్తే మూడూ. ఆమె ఫిజియాలజీ ప్రొఫెసరు. అంటే ఆరోగ్యంగా ఉన్న ఒళ్ళు ఎలా పనిచేస్తుందో మొదటి ఏడాది పిల్లలకు చెప్పే మనిషి. వైద్య కళాశాలల్లో ఒక వర్ణవ్యవస్థ ఉంది. దాని గురించి బయటివాళ్ళకు తెలియదు, లోపలివాళ్ళు మాట్లాడరు. పైన రోగిని ముట్టుకునే డాక్టర్లు, వాళ్ళలో అందరికన్నా పైన యూనిట్ పెద్ద, మద్రాసు మాటలో చీఫ్. అందరికన్నా కింద పుస్తకం చెప్పేవాళ్ళు. ఒకప్పుడు ఫిజియాలజీ పాఠం కప్ప కండరం మీద చూపించేవారు కాబట్టి వార్డు డాక్టర్లు ఆమెను చాటుగా 'తవళై డాక్టర్' అనేవారు. తవళై అంటే కప్ప. తెలుగు పిల్లల నోట అది కప్పల డాక్టరమ్మ అయింది. ఆమెకూ తెలుసు. "కప్పకు అబద్ధం చెప్పడం రాదు మే. కరెంటు తగిలితే కాలు కదిలిస్తాది, లేకుంటే లేదు. ప్రొఫెసర్లలో అట్టాంటివాళ్ళు యెంతమంది ఉండారు?" అనేది.

ఆమె పాఠాల్లో నాకు ఒకటి ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. గుండె, రక్తప్రసరణ చెప్పే వారం. పుస్తకాలు మూయమంది. మమ్మల్ని ఇద్దరిద్దరుగా విడదీసి, ఒకరిని బల్లమీద దిండ్లకు ఆనించి సగం పడుకోబెట్టి, రెండోవాళ్ళను మెడ చూడమంది. కాలరు ఎముకకు కాస్త పైన, చర్మం కింద ఒక సిర మెల్లగా అలలాగా కదులుతుంది. "గాలి పీల్చమను. ఏమవతాది?" మాకు పుస్తకంలో వాక్యం నోటికొచ్చు. లోపలికి ఊపిరి తీస్తే ఛాతీలో ఒత్తిడి తగ్గుతుంది, రక్తాన్ని గుండె తనలోకి లాక్కుంటుంది, మెడ సిరలో రక్తం మట్టం కిందికి దిగుతుంది. అందరం ఒకే గొంతుతో అప్పజెప్పాం. ఆమె చాక్‌పీసు బల్లమీద కొట్టింది. "అది రాసినాయనకు తెలుసులే. నీకు ఎట్ట తెలుసు? నువ్వు చూసినావా?" ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి వెళ్ళకుండా ఒకరి మెడలు ఒకరం చూస్తూ కూర్చున్నాం. ఒక గంటకు నాకు కనిపించింది. ఎదుటి పిల్ల ఊపిరి తీసుకుంది, ఆ నీలపు అల ఎముక వెనక్కి జారిపోయింది. అప్పటిదాకా చదివిన వాక్యం అప్పుడు నాదయింది.

మేము రెండో ఏడాదికి వచ్చేసరికి ఆమెను కాలేజీలో విద్యా వ్యవహారాల డీన్‌ను చేశారు. ఆ కుర్చీ ఎవరికీ అక్కరలేదు కాబట్టి ఇచ్చారని చెప్పుకున్నారు. ఆమె మాత్రం ఆ కుర్చీతో ఒక పని చేసింది. ప్రతి శనివారం పొద్దున, రోగులున్న జనరల్ వార్డులోకి సైన్సు చెప్పే టీచర్లనూ వైద్యం చేసే డాక్టర్లనూ కలిపి తెచ్చింది. మంచానికి ఒక పక్క వాళ్ళు, ఒక పక్క వీళ్ళు, మధ్యలో మేము. రోగికి దండం పెట్టి అనుమతి అడగకుండా ముట్టుకోకూడదు. ఇంకొక నియమం పెట్టింది, దానిమీదే తర్వాత అంత గొడవ జరిగింది. ఆ నియమం చీటీ. రోగిని చూశాక, కేసు షీటు తెరవక ముందు, పెద్ద డాక్టరు నోరు విప్పక ముందు, ప్రతి విద్యార్థీ తాను కళ్ళతో, చేత్తో, చెవితో కనిపెట్టింది ఒక చీటీ మీద రాయాలి. కింద ఒక ప్రశ్నకు జవాబు రాయాలి: నేను తప్పయితే అది ఎలా తెలుస్తుంది? సంతకం చేసి, మడిచి, ఖాళీ గ్లవ్స్ డబ్బాలో వెయ్యాలి. తర్వాతే చీఫ్ మాట్లాడతాడు. ఆ తర్వాత ఆమె చీటీలు ఒక్కొక్కటీ విప్పి పైకి చదువుతుంది. ఎవరిదీ దాచదు, ఎవరినీ తిట్టదు.

ఈ నియమం ఎందుకో మొదటి నెల్లోనే నాకు తెలిసొచ్చింది, అదీ సిగ్గుపడేలా. ఒక శనివారం ఆమె మమ్మల్ని ఒక మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. ఎన్నడూ లేనిది, గొంతు తగ్గించి, "చీఫ్ చూసినాడు. గుండెలో ఉండకూడని చప్పుడు ఉండాదంట, చానా సన్నగా. వినండి" అంది. మేం పదిమందిమి ఒకరి తర్వాత ఒకరం స్టెతస్కోపు పెట్టాం. చీటీలు రాశాం. నేను ఆ చప్పుడు ఎక్కడ వినిపించిందో, ఎటు పాకిందో కూడా రాశాను. ఆమె చీటీలన్నీ విప్పింది. పదింటిలోనూ చప్పుడుంది. అప్పుడు ఆ మంచం మీద మనిషిని లేచి కూర్చోమంది. ఆయన రోగి కాదు. పక్క వార్డులో ఉన్న భార్యకు తోడుగా వచ్చినవాడు. చీఫ్ ఆయనను చూడనే లేదు. ఆయన గుండెలో అలాంటి చప్పుడేదీ లేదు. "అబద్ధం చెప్పినాను, తప్పే. ఆయన దగ్గర ముందే అడిగే పడుకోబెట్టినాను" అంది. తర్వాత నా చీటీ పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "ఏమ్మే హేమా, నువ్వు దేవుణ్ణి నమ్మవంట కదా?" నమ్మనన్నాను. "గుడికి పోవు, బొట్టుమీద యుద్ధం చేస్తావు. సరి. మరి చీఫ్‌ను నమ్మినావే? ఆయన పేరు చెప్తే లేని చప్పుడు వినిపించిందే! నీకూ ఏకాంబరానికీ తేడా ఏంది? వాడు మిషనుకు చందనం పూస్తాడు, నువ్వు చెవులకు పూసుకున్నావు."

హేతువాదులమని చెప్పుకునే మనందరికీ ఆ మాట వర్తిస్తుంది. గుడి గడప దాటనివాళ్ళం ఆఫీసరు గడప దగ్గర బోర్లా పడతాం. శాస్త్రం పేరుతో గురువుకు మొక్కితే అది కూడా మొక్కే. ఆ శనివారం తర్వాత నేను వాదనలు గెలవడం మానేసి చూడటం నేర్చుకోవడం మొదలుపెట్టాను.

మూడో ఏడాది వానల్లో ఆడవాళ్ళ వార్డులోకి మునెమ్మ వచ్చింది. వాషర్‌మెన్‌పేట్‌లో చీరల అంగడికి ఫాల్ కుట్టే మనిషి. నలభై దాటి ఉండదు. పొట్ట నిండుచూలాలి పొట్టలా ఉబ్బింది, కాళ్ళు నీరెక్కాయి, నాలుగడుగులేస్తే ఆయాసం. చేతులు మాత్రం పుల్లల్లా ఉన్నాయి. వారం రోజుల కిందటే చీఫ్ చూసి లివరు చెడిపోయిందన్నాడు. స్కాను తీస్తే లివరు ఉబ్బి ఉందని వచ్చింది. లివరు చూడమంటే స్కాను లివరునే చూస్తుంది, ఇంకేం చూస్తుంది? లివరు ఎందుకు చెడుతుంది? తాగుడుకు చెడుతుంది. కేసు షీటులో ఒక వాక్యం పడింది: తాగే అలవాటుంది, రోగి ఒప్పుకోవడం లేదు. ఈ సంగతులేవీ ఆ శనివారం మాకు తెలియవు. షీటు తెరవకూడదు కదా. మాకు కనిపించింది ఒక్కటే, ఆమె దగ్గరికి ఎవరూ రావడం లేదు. అన్ని మంచాల దగ్గరా క్యారియర్లు ఉన్నాయి, ఆమె మంచం పక్కన ఆసుపత్రి బ్రెడ్డు ఉంది.

నా వంతు వచ్చినప్పుడు ఆమె వెల్లకిలా పడుకుని ఉంది. దండం పెట్టి అడిగాను. పొట్ట చూశాను, కాళ్ళు నొక్కి చూశాను. మెడలో ఏమీ కనిపించలేదు. ఇంతలో ఆమెకు దాహమేసింది. పట్టుకుని నిటారుగా కూర్చోబెట్టి గ్లాసు అందించాను. తాగడానికి ముందు ఒక గుక్క ఊపిరి తీసుకుంది. ఆమె మెడ సిర దిగలేదు. పైకి పొంగింది. దవడ దాకా తాడులా ఉబ్బింది. నేను ఇంకోసారి ఊపిరి తీసుకోమన్నాను. మళ్ళీ పొంగింది. ఆమె గ్లాసు దించి నన్ను ఎగాదిగా చూసింది. "ఏంది తల్లీ, నా మెడనే అట్ట చూస్తా ఉండావు? ఆడ ఏముండాది, పసుపుతాడేగా!" నాకు నవ్వు రాలేదు. పడుకుని ఉన్నప్పుడు సిర మొత్తం నిండిపోయి ఉంది, అందుకే అల కనిపించలేదు. కూర్చుంటే దాని అంచు బయటపడింది. గాలి పీల్చినప్పుడు రక్తాన్ని లాక్కోవలసిన గుండె లాక్కోలేకపోతోంది. ఎవరో గుండెను పిడికిట్లో బిగించి పట్టుకున్నట్టుంది. చీటీ మీద రాశాను: "కూర్చోబెడితే మెడ సిర ఊపిరితో పాటు పైకి లేస్తోంది. జబ్బు మొదలైంది లివరులో కాదు, గుండె చుట్టూ ఉన్న పొరలో కావచ్చు. గుండెకు తీసే ఎకో స్కానులో పొర మామూలుగా ఉంటే నేను తప్పు."

చీఫ్ వచ్చి లివరు గురించి అద్భుతంగా పాఠం చెప్పాడు. నిజంగానే గొప్ప ఉపాధ్యాయుడు, ఆ మాట దాచను. చివర ఇంగ్లీషులో, "ఈ ఆడవాళ్ళు చెప్పరు, మనమే కనిపెట్టాలి" అని నవ్వాడు. మునెమ్మకు ఇంగ్లీషు రాదు, కానీ బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించిన సైగ అర్థమైంది. ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది. తర్వాత మంగతాయారు మేడం డబ్బా తెరిచింది. తొమ్మిది చీటీల్లో లివరుంది. పదోది విప్పి, ఎప్పటిలాగే అదే గొంతుతో చదివింది.  "ఎవరిది?" అన్నాడు చీఫ్. "చీటీలో ఏముండాదో అది చూద్దాం డాక్టర్. ఎవరిదైతే ఏం?" అంది ఆమె. ఆయన నవ్వాడు. "కప్పలకు మెడ ఉండదు మేడమ్. అందుకే మీకు మెడంటే అంత మోజు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వును ఇప్పటికీ క్షమించుకోలేదు.

సోమవారం ఆ యూనిట్ అసిస్టెంటు నన్ను వరండాలో ఆపాడు. "ఆ చీటీ నీదేనని మీవాళ్ళే చెప్పారు. ఫైనల్ పరీక్ష మా చీఫే పెడతాడు. రౌండులో తొందరపడి రాశానని ఒక్క మాట చెప్పేయ్, అయిపోతుంది."  మా ఇంట్లో డాక్టరు చదివిన మొదటి మనిషిని నేను. నేరుగా మేడం గదికి వెళ్ళి చీటీ వెనక్కి ఇమ్మన్నాను. ఇవ్వనంటుందని, ధైర్యం చెబుతుందని అనుకున్నాను. సొరుగు తీసి చీటీ బల్లమీద పెట్టింది. "తీసుకో. ముందు ఒకటి చెప్పు. నువ్వు చూసినావా, చూసినాననుకున్నావా?" చూశాననుకుంటున్నానన్నాను. "అది జవాబు కాదు. పో, పొయ్యి మళ్ళీ చూడు. ఆ పొంగు లేకుంటే చించెయ్. ఉంటే, చించడం నీ చేతిలో లేదు."

వార్డుకెళ్ళి మునెమ్మను కూర్చోబెట్టాను. పది ఊపిర్లు లెక్కపెట్టాను. పదిసార్లూ సిర లేచింది. ఈసారి ఆమె నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నువ్వైనా చెప్పు ఆ పెద్ద డాక్టరుకు. మా అత్త వచ్చి ఈడ అందరి ముందర అరిచిపోయింది, తాగుబోతుదానికి సంగటి తేనని. మా ఆయన తలకాయ ఎత్తలా. అంగడాయన గూడ ఇంక రావద్దన్నాడంట. సచ్చిపోతే సచ్చిపోతా, దానికి ఏడవలే. నా నోట్లో ఒక్క చుక్క పడింది లేదు తల్లీ. ఈ పేరుతోనా పోయేది?" అప్పటిదాకా నాకది ఒక సిర. ఆ మాటతో అది ఒక మనిషి పరువయింది. తిరిగొచ్చి మేడంతో, "చూశాను" అన్నాను. చీటీ ఆమెకే ఇచ్చేశాను.

మర్నాడు ఆమె వార్డుకు వచ్చి చీఫ్‌కు అడ్డంగా నిలబడింది. అందరిముందూ చేతులు జోడించింది. "డాక్టర్, ఒక్క నిమిషం. లేపి కూర్చోబెట్టి ఒక్క ఊపిరి చూడండి. దిగితే నేను ఈ శనివారాలు మానుకుంటా." ఆయన పందెం ఒప్పుకున్నవాడిలా విసురుగా వచ్చాడు. మునెమ్మను కూర్చోబెట్టారు. ఆమె ఊపిరి తీసింది. చీఫ్ చూశాడు. ఇంకోసారి తీయమన్నాడు. వంగి చూశాడు.  అసిస్టెంటుతో "ఎకో రాయి" అని, పక్క మంచానికి వెళ్ళిపోయాడు. గుండె చుట్టూ పొర గట్టిపడి పెంకులా తయారైందని ఎకోలో తేలింది. ఎప్పుడో వచ్చిన క్షయ మిగిల్చిన గుర్తు కావచ్చన్నారు. మందులు మొదలుపెట్టారు, ఆపరేషను చేసి ఆ పెంకు ఒలిచేశారు. కొన్ని వారాలకు మునెమ్మ కాళ్ళు కాళ్ళలాగా, పొట్ట పొట్టలాగా అయ్యాయి. ఆయాసం లేకుండా వార్డు ఆ చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి మావైపు చెయ్యి ఊపింది.

ఇక్కడితో ఆపితే ఇది అందరూ మెచ్చుకునే కథ. కాలేజీ కూడా ఇక్కడితోనే ఆపాలనుకుంది. డిశ్చార్జి రోజున మేడం కేసు షీటు తెప్పించి చూసింది. జబ్బు పేరు మారింది. తాగే అలవాటుందన్న వాక్యం అలాగే ఉంది. డిశ్చార్జి కాగితంలోకి కూడా ఎక్కింది. ఆమె చీఫ్ గదికి వెళ్ళింది, నన్ను వెంట తీసుకెళ్ళింది. ఆయన విసుక్కున్నాడు. "బతికింది కదా మేడమ్. ఇంకేం కావాలి? ఆ ఒక్క లైను ఎవరు చదువుతారు?" మేడం కూర్చోలేదు. "వాళ్ళత్త చదవదు డాక్టర్, చదువు రాదు. చదివించుకుంటాది. రేపు ఆమె ఏ ఆసుపత్రికి పోయినా మొదట చదివేది అదే. మీరు కొట్టెయ్యండి." ఆయన, "ఇలా మొదలుపెడితే రేపు ప్రతివాడూ మనల్ని ప్రశ్నిస్తాడు" అన్నాడు. ఆమె, "ప్రశ్నించనీయండి. డాక్టర్ చదువంటే అదే కదా" అంది.

తిరిగి వార్డుకొచ్చి పెన్ను తీసింది. ఆ వాక్యం మీద ఒకే ఒక గీత గీసింది. కింద అక్షరాలు కనిపించేలా గీసింది. "గుర్తు పెట్టుకో మే. తప్పును చెరపకూడదు, కొట్టెయ్యాలి. చెరిపితే రెండో అబద్ధమవతాది. కొట్టేస్తే, ఆడ తప్పుండింది, ఈడ సరి చేసినామని తెలస్తాది." పక్కన రాసింది: ఇది మా పొరపాటు, రోగికి మద్యం అలవాటు లేదు. పేరు, తేదీ, సంతకం. డిశ్చార్జి కాగితంలోనూ అలాగే రాసింది. తర్వాత మునెమ్మ అత్తనూ భర్తనూ మంచం దగ్గరికి పిలిచి ఆ కాగితం తెలుగులో చదివి వినిపించింది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భర్త నేల చూశాడు. మునెమ్మ మాత్రం తలెత్తి, "ఇంకొకసారి చదవమ్మా. గట్టిగా" అంది. మేడం వార్డంతా వినిపించేలా మళ్ళీ చదివింది.

వేరే యూనిట్ కేసు షీటులో రాసే హక్కు ఫిజియాలజీ మనిషికి లేదు. కాలేజీ కౌన్సిలు ఆమెను పిలిపించింది. లోపల ఏం జరిగిందో ఆమే చెప్పింది. "రూలు తప్పినాను, ఒప్పుకున్నాను. నేను రాసింది అబద్ధమైతే చెప్పమన్నాను. ఒక్కడూ చెప్పలా." జబ్బు విషయంలో ఆమె మాటే నిజమైనా వాళ్ళు ఓర్చుకున్నారు. తప్పయిందని సిరాతో రాసినందుకు మాత్రం ఓర్వలేకపోయారు. డీన్ కుర్చీ తీసేశారు. క్రమశిక్షణ పేరుతో శనివారాలు ఆపేశారు. గ్లవ్స్ డబ్బా ఎవరు పారేశారో తెలియదు. మేం పదిమందిమి పిటిషను రాద్దామనుకున్నాం, పరీక్షలయ్యాక అనుకున్నాం, తర్వాత హౌస్ సర్జన్సీ అయ్యాక అనుకున్నాం. ఎవరం రాయలేదు. తాతయ్య అచ్చాఫీసులో అంత పెద్ద గొంతు పెంచుకున్న నేనూ రాయలేదు.

తలొంచుకుని ఆమెను చూడటానికి వెళ్ళాను. ల్యాబులో కొత్త పిల్లలు బల్లల మీద సగం పడుకుని ఉన్నారు, మిగతావాళ్ళు వాళ్ళ మెడలు చూస్తున్నారు. "నన్ను ఓదార్చడానికొచ్చినావా? చాలు, చాల్లే. కుర్చీ పోయింది, మెడలు ఉండాయి కదా. ఆ మూలపిల్లకు కనిపించలా, పొయ్యి చూపించు" అంది. రిటైరయ్యేదాకా ఆ ల్యాబులోనే పాఠం చెప్పింది. ప్రతి ఏడూ కొత్త పిల్లలతో, "నీకు ఎట్ట తెలుసు?" అంటూనే ఉంది. కొన్నేళ్ళ కిందట వాషర్‌మెన్‌పేట్‌లోని తన ఇంట్లో పోయింది. కాలేజీ నోటీసు బోర్డు మీద రెండు లైన్లు పెట్టారు. ఫిజియాలజీకి ఆమె చేసిన సేవ గురించి రాశారు. శనివారాల ఊసు లేదు.

ఆమె దగ్గర్నుంచి నాకు దక్కినవి రెండు. ఎవరి రిపోర్టయినా తెరిచే ముందు నేను చూసింది నా చేత్తో కాగితం మీద రాసుకుంటాను. తప్పయినప్పుడు, ఏటా కొన్నిసార్లు అవుతుంది, రోగి కాగితం మీదే ఒక్క గీత గీసి, నాదే పొరపాటని రాసి, పేరు పెట్టి ఇస్తాను.   ఇలా చేస్తే జనం నమ్మరని నా తోటి డాక్టర్లు భయపెట్టారు. జనం ఇంకా ఎక్కువ వస్తున్నారు. తప్పే చేయని డాక్టరు ఉంటాడని నమ్మడం కూడా మూఢనమ్మకమే, దాన్ని పెంచి పోషిస్తున్నది మా తెల్లకోట్లే.

అందుకని మిమ్మల్ని కన్నీళ్ళు పెట్టుకోమని అడగడం లేదు. మీ ఇంట్లో ఏ ఆసుపత్రి కాగితం ఉన్నా ఇవాళే బయటికి తీయండి. ప్రతి వాక్యం చదవండి, అర్థం కాకపోతే చదివించుకోండి. మీ గురించి అబద్ధం ఒక్క ముక్క ఉన్నా దాన్ని పట్టుకుని అది రాసిన డాక్టరు గదికి వెళ్ళండి, నిలబడండి, పెన్ను ఆ డాక్టరు చేతికివ్వండి. గీత గీసి, పేరు రాసి, సంతకం పెట్టేదాకా అక్కడినుంచి కదలకండి.